వ్యాను వెనక సగం పాట

పుస్తకాలు చదివి బాగుపడ్డవాళ్లున్నారు, చెడిపోయినవాళ్లున్నారు. నేను రెంటికీ చెందకుండా మిగిలిపోయానంటే, నా చదువులో సగం బండ్ల వెనక జరగడమే కారణం. కాలు ఒక చోట నిలవక ఊళ్లు పట్టుకు తిరిగేవాడికి, ముందు పోయే బండి వెనకభాగం కంటే ఎక్కువసేపు ఎదుట నిలిచే పేజీ ఏముంటుంది? కొండదారిలో ఒక కట్టెల లారీ వెనక "తొందరగా పోయి ఏం చేస్తావు" అన్న ప్రశ్నను ఒక మధ్యాహ్నమంతా చదివాను. జవాబు ఇప్పటికీ దొరకలేదు. ఒక రేవు పట్నంలో చేపల బండి వెనక "అత్తగారి దయ" అని ఉంటే, అది కృతజ్ఞతో ఫిర్యాదో తేల్చుకోలేక బండివాణ్ణే అడిగాను. "రోజును బట్టి ఉంటుందండీ" అన్నాడు.

ఇంత చదువూ చదివి నేను తెలుసుకున్నది ఒక్కటే. మనిషి మొహాన చెప్పలేని మాటను వీపు మీద రాయించుకుంటాడు.

ఆ రాసేవాళ్లలో నేను దగ్గరగా ఎరిగినది ఒక్క మనిషిని. వీధి వీధంతా ఆమెను బోర్డక్క అంటుంది. ఆమె కొట్టు మీది గదిలో నాలుగు రోజులుండి పోదామని అద్దెకు దిగాను. రంగుల వాసనకు అలవాటుపడ్డానో, కింద జరిగే మాటలకు అలవాటుపడ్డానో గానీ ఏడాది దాటినా మూట కట్టలేదు. నన్నామె బాబాయ్ అనేది. అంతకు ముందు నన్నెవరూ ఆ వరసన పిలిచి ఎరగరు కాబట్టి, అద్దెలోనే కలిసి వచ్చిన సౌకర్యం అనుకున్నాను.

కొట్టంటే ఒక షట్టరు, లోపల గోడ పొడవునా రంగు డబ్బాలు, కిరోసిన్ సీసాలో తలకిందులుగా మునిగిన కుంచెలు, బయట మేకులకు అడ్డంగా వేలాడే నిచ్చెన. గుమ్మం పక్కన స్టూలు మీద వాళ్లమ్మ. ఆవిడ పని కుంచెలు కడగడం, వచ్చేపోయేవాళ్లను కూడా కడిగి పంపడం. బోర్డక్కకు నలభై దాటి ఉంటాయి. పనిలో కుంచెను చెవి వెనక దోపుకునే అలవాటు. అందువల్ల ఆమె చెవికి ఏ రంగు అంటిందో చూసి, ఆ రోజు ఎవరి బోర్డు తయారవుతోందో వీధిలోవాళ్లు చెప్పేసేవారు. ఆకుపచ్చ అయితే మందుల షాపు. ఎరుపయితే సైకిళ్ల కొట్టు. అచ్చుయంత్రం మీద దిగే ప్లాస్టిక్ బోర్డులు వచ్చి ఈ వృత్తిని చాలావరకు మింగేశాయి. అయినా షట్టర్లూ గోడలూ బండ్లూ ఆ యంత్రంలో పట్టవు కదా, వాటి మీద బతుకుతోంది.

ఈ విద్య తండ్రిది. విద్యతోపాటు ఒక నియమం కూడా ఆయనే ఇచ్చి పోయాడు. అర్థం తెలియని మాటను రాయకూడదు, రాస్తే అక్షరం వంకర పోతుంది అనేవాడట. ఈ నియమం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, దెబ్బ తిని వచ్చింది. కుర్రతనంలో ఒక క్షౌరశాలకు పని ఒప్పుకున్నాడు. యజమాని కవితాప్రియుడు. అద్దం పైన ఒక విరహవాక్యం రాయమన్నాడు: "నువ్వు రాలిపోయినా నీ జ్ఞాపకం నా తల నిండా ఉంది." ఈయన ఆలోచించకుండా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పక్కన ఒక గులాబీ కూడా వేశాడు. మర్నాటి నుంచి బట్టతలవాళ్లు ఆ గుమ్మం తొక్కలేదు. అప్పటి నుంచి ఏ మాట రాయాలన్నా, దాని పక్కన ఏ బొమ్మ వేయాలో మనసుకు తట్టేదాకా కుంచె ముట్టేవాడు కాదు. బొమ్మ తట్టిందంటే అర్థం తెలిసినట్టు. బోర్డక్క కూడా అంతే. గిరాకీ విసుక్కున్నా, పోతానన్నా, బొమ్మ తట్టనిదే అక్షరం దిగదు.

తండ్రి పోయాక ఆమె నిచ్చెన ఎక్కింది. సంబంధాలు రాకపోలేదు. ఒకాయన, నిచ్చెన దిగితే చేసుకుంటానన్నాడు. "నాకు నిచ్చెన పట్టుకునేవాడు కావాలి గానీ దింపేవాడు ఎందుకు" అని ఆమె జవాబట. తర్వాత ఒక రంగుల కంపెనీ ఏజెంటు దాదాపు ఏడాది రోజూ వచ్చాడు. ఆమె చేతి వంపు చూసి మెచ్చుకునేవాడు, వాళ్లమ్మకు కళ్లజోడు బాగుచేయించి తెచ్చాడు. వీధి అక్షింతలు చేతబట్టుకున్నంత పని చేసింది. ఒకరోజు ఆ కంపెనీ ఈ ప్రాంతంలో అమ్మకాలు మానేసింది. ఆ మర్నాటి నుంచి మనిషి లేడు. పోతున్నానని చెప్పను కూడా చెప్పలేదు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆ కంపెనీ రంగు మాత్రం మళ్లీ వాడలేదు. "త్వరగా వెలిసిపోతుంది బాబాయ్" అని నాతో ఒకసారి అంది.

ఇక ఈ కథలో రెండో మనిషి. రొట్టెల ఫ్యాక్టరీ వ్యాను నడుపుతాడు. ఆ వ్యాను వెనక బోర్డక్క తండ్రి చేతి రాతతో "నిదానమే ప్రధానం" అని ఉండేది. ఆ మాట చదివి, తర్వాత ముందుకెళ్లి డ్రైవరును చూసినవాళ్లు అతనికి వేరే పేరు వెతకలేదు. నిదానం అనే పిలిచేవారు. బండి నిదానం, నడక నిదానం, మాట మరీ నిదానం. పొద్దున్నే మూలనున్న టీకొట్టులో రొట్టెల ట్రేలు దించేసి, బోర్డక్క ఏ గోడ దగ్గర పని చేస్తుంటే అక్కడికి వచ్చేవాడు. వచ్చి నిచ్చెన పట్టుకునేవాడు. మాటా పలుకూ లేదు. ఆమె దిగాక చేతులు దులుపుకుని వెళ్లిపోయేవాడు. వీధంతా ఆమెను అక్కా అంటే, ఇతనొక్కడే ఆ మాట అనడు. ఎప్పుడన్నా పిలవాల్సి వస్తే "ఏమండీ" అంటాడు. మొదటిసారి అది విన్నప్పుడు వాళ్లమ్మ చేతిలో కుంచె ఆపి, "పెళ్లాం మొగుణ్ణి పిలిచినట్టు ఎంత చక్కగా పిలిచాడే" అంది. అతని చెవులు ఏ రంగూ పూయకుండానే ఎర్రబడ్డాయి.

ఆ విధంగా సంగతి వీధికంతటికీ తెలుసు. తెలియవలసిన మనిషికి తెలుసా అంటే చెప్పలేను. నిచ్చెన పైనున్నవాళ్లకు గోడ కనిపిస్తుంది, కిందివాడు కనిపించడు.

పక్క కొట్టు టైలరు దగ్గర ఒక రేడియో ఉంది. ఇతను బోర్డక్కకు వరసకు బావ. ఆ వరసను ఎగతాళికి తప్ప మరే పనికీ వాడినవాడు కాదు. మధ్యాహ్నాలు ఆ రేడియోలో పాత పాటలు వచ్చేవి. వాటిలో ఒక పాట వచ్చినప్పుడు వ్యాను వీధిలో ఎక్కడున్నా ఆగేదని చెప్పుకునేవారు. వర్షాకాలం మొదట్లో ఒక రోజు నిదానం వ్యాను తెచ్చి కొట్టు ముందు వెనక్కి తిప్పి పెట్టాడు. పాత అక్షరాలు మాసిపోయాయి, మళ్లీ రాయాలన్నాడు. అదే మాటా అని ఆమె అడిగింది. కాదు, ఆ రేడియో పాట అన్నాడు. పాడటం రాదు కాబట్టి, ఏ కొట్టుకు ఎన్ని రొట్టెలో చెప్పే గొంతుతోనే చెప్పాడు:

నువ్వు తలుపు తీయకున్నా
నీ చూరు కింద నిలిచి ఉన్నా
వాన తగ్గేదాకా ఉండనీ
ఆపైన నీ ఇష్టం

టైలరు మిషను ఆగింది. వాళ్లమ్మ కుంచె కిరోసిన్‌లో జారిపోయింది. బోర్డక్క మాత్రం చాక్‌పీసు తీసి వ్యాను వెనక తలుపు కొలిచింది.

"బొమ్మ ఏం వేయాలి?"

"మీ ఇష్టమండీ."

"నా ఇష్టంతో అయ్యే పని కాదు. అర్థం చెప్పు, బొమ్మ నేను చూసుకుంటా."

అతను నిచ్చెన వైపు చూశాడు, అది కూడా సాయం రాలేదు. "ఏముందండీ... బాగుంటుంది కదా" అన్నాడు. అంతే, ట్రేలు సర్దుకోవాలని వెళ్లిపోయాడు. అతను గుండెలో ఉన్నదంతా ఆ నాలుగు పాదాల్లో మూటగట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని ఒక పనిగా పుచ్చుకుంది. ఈ పాట ఆమెకు అర్థం కాకపోతే అతని దగ్గర వేరే పాట లేదు.

ఆ సాయంత్రం మా గుమ్మంలో పెద్ద సభ జరిగింది. టైలరు తీర్పు తేలికగా వచ్చింది. వాడు పిరికివాడు, మగాడైతే తలుపు కొట్టాలి గానీ చూరు కింద నించోడం ఏమిటన్నాడు.

"తలుపు కొట్టేవాళ్లను చూశాంలే అల్లుడూ," అంది వాళ్లమ్మ. "నువ్వు కొడితే గొళ్లెం ఊడింది. మీ ఆవిడ ఇప్పటికీ ఆ తలుపుకు బల్ల అడ్డం పెట్టుకుంటోంది."

ఆవిడ లెక్కలో అది గొడుగు మరిచినవాడి పాట. నన్ను కూడా అడిగారు. చదువుకున్నవాడు కదా అని. లోకంలో ఏ భాష పాటల్లో చూసినా మూసిన తలుపు ముందు నిలబడినవాడు ఒకడుంటాడని, ఆ తలుపు తెరుచుకుందో లేదో ఏ పాటా చెప్పదని, తెరుచుకుంటే పాట అక్కడితో అయిపోతుందని మొదలుపెట్టి, నేను చూసిన తలుపుల మీదికి వెళ్లాను. వాళ్లమ్మ కునుకు తీసింది. టైలరు కాజాలు కుట్టుకున్నాడు. బోర్డక్క ఒక్కతే విన్నది, కానీ ఆమె పట్టుకున్నది వేరే చోట.

"అదంతా సరే బాబాయ్. వాన తగ్గేదాకా ఉండనీ అంటున్నాడు. అంటే తగ్గితే పోతాడనేగా? వానకు ఆగినవాడు నా కోసం ఆగాడని ఎట్లా అనుకోను?"

నా కోసం అంది. టైలరు సూది పైకెత్తి అలాగే ఉండిపోయాడు. నాకు మాత్రం ఆ రంగుల ఏజెంటు గుర్తొచ్చాడు. అతని వాన కంపెనీతోపాటు వెలిసింది.

ఆ నియమం మీద ఆమె ఎంత గట్టిదో చెప్పాలంటే, తర్వాత చేసిన పని చెప్పాలి. మొదటి పాదంలో ఆమెకు పేచీ లేదు. తలుపు తీయలేదు, అంతే కదా. కాబట్టి "నువ్వు తలుపు తీయకున్నా" అని నీలంలో, తెల్ల అంచుతో, చూస్తే కళ్లు చల్లబడేలా రాసేసింది. మిగతాది అర్థం తేలాక అని ఆపింది. నిదానం సరేనన్నాడు. అతను దేనికి సరేననలేదు గనక?

ఆ సగం పాటతో వ్యాను ఊరు తిరిగింది. ఊరు ఊరికే ఉంటుందా? రొట్టెలు వేసే ఇళ్లలో ఆడవాళ్లు నిలదీశారు. "నేను తలుపు తీయకపోవడమేమిటయ్యా, బెల్లు కొట్టావా అసలు?" అని ఒకావిడ. ఇంకొకావిడ, స్నానంలో ఉన్న ఒక్కరోజు తీయకపోతే ఇలా వీధులకెక్కిస్తావా అని రొట్టె వాపసిచ్చింది. ఒక పెద్దాయన భయపడి పొద్దున్నే తలుపు బార్లా తీసి, కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. నిదానం ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాడు. చెప్పగలిగినవాడైతే వ్యాను మీద ఎందుకు రాయిస్తాడు?

కబురు ఫ్యాక్టరీ యజమానికి చేరింది. ఆయనకు పాటలంటే ద్వేషం లేదు, గొడవలంటే ఉంది. వారంలోగా అదేదో పూర్తి చేయించు, లేకపోతే తెల్లరంగు కొట్టిస్తానన్నాడు. దానితోపాటే, ఈ రూటులో జనం నీ మీద గుర్రుగా ఉన్నారు గనక సోమవారం నుంచి ఊరికి అవతలి పక్క తోలుకో అన్నాడు.

శనివారం పొద్దున నిదానం ట్రేలు దించి వచ్చాడు. ఆమె సైకిళ్ల కొట్టు షట్టరు మీద ఉంది. నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె దిగాక చెప్పాడు, సోమవారం నుంచి ఇటువైపు వేరే అతను వస్తాడని. ఆమె కుంచె తుడుస్తూ, మరి మిగతా పాదాల సంగతేమిటంది. మీకు అర్థం తేలితే కబురు పెట్టండి, తేలకపోతే తెల్లరంగు వేస్తారట అన్నాడు. వెళ్లిపోయాడు. పాత అలవాటుగా నిచ్చెనను కొట్టు దాకా మోసుకొచ్చి, మేకులకు తగిలించి మరీ వెళ్లాడు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఆమె తల్లితో అంది, నేను మెట్ల మీద ఉండగా వినపడింది.

"చూశావా అమ్మా. రూటు మారింది, మనిషి మారతాడు. వాన తగ్గింది."

"వాన సంగతి చెప్పావు," అంది ముసలామె ముద్ద కలుపుతూ. "మనిషి సంగతి ఇంకా తెలీదుగా. పెరుగు వేసుకో."

సోమవారం కొత్త డ్రైవరు వచ్చాడు. వచ్చాడనడం కంటే, పోయాడనడం సరి. టీకొట్టు ముందు బ్రేకు వేసిన చప్పుడు వినపడేలోగా మలుపు తిరిగాడు. ఆ రోజుల్లోనే బోర్డక్కకు మందుల షాపువాళ్ల పెద్ద గోడ పని పడింది. నిచ్చెన పట్టడానికి టైలరును బతిమాలింది. బావ వచ్చాడు, పట్టుకున్నాడు, పైనున్న మరదలికి కిందనుంచి ఊరి రాజకీయాలన్నీ చెప్పాడు. ఎవరో కొలతకు ఆది జాకెట్టు తెచ్చారని పిలిస్తే, "ఇప్పుడే వస్తా, ఊపిరి బిగబట్టు మరదలా" అని చక్కాపోయాడు. నిచ్చెన వణికింది. 'మందులు' అన్న మాటలో ఒక అక్షరానికి గజం పొడుగు తోక వచ్చింది. ఆమె దిగి, ఆ తోకను చాలాసేపు చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లూ తన గీత తిన్నగా ఉందని ఊరు మెచ్చుకుంటుంటే చేయి గొప్పదనుకుంది కాబోలు. గీతకు కింద ఒకడు ఉండాలని ఆ తోక చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం. ఎండ పెళ్లున కాస్తోంది. ఆమె ఆ తోకను చెరిపి మళ్లీ గీస్తోంది. టైలరు నిచ్చెనకు ఒక చేయి, టీ గ్లాసుకు ఒక చేయి ఇచ్చాడు. నేను అరుగు మీద కూర్చుని చదువుతున్నానని నమ్మించే ప్రయత్నంలో ఉన్నాను. మలుపులో రొట్టెల వ్యాను కనిపించింది. దాని నడక చూడగానే తెలిసింది, కొత్తవాడు కాదు. ఖాళీ ట్రేలు గలగలమంటున్నాయి. అంటే పని ముగించి, ఊరు అవతలి చివర నుంచి ఇవతలి చివరకు వచ్చాడన్నమాట. ఆ బండి వేగానికి అది ప్రయాణమే.

బండి ఆపి దిగాడు. టైలరు ఏమీ అడక్కుండా పక్కకు తప్పుకున్నాడు. అతను ఏమీ అడక్కుండా నిచ్చెన పట్టుకున్నాడు.

పట్టు మారిన సంగతి ఆమె పాదాలకు తెలిసి ఉండాలి. కిందికి చూడకుండానే అడిగింది.

"ఈ వీధి నీ రూట్లో లేదుగా?"

"లేదండీ."

"టీకొట్టు వాడు రొట్టెలు తెమ్మన్నాడా?"

"లేదండీ."

"తెల్లరంగు కొట్టించడానికి వచ్చావా?"

"అది ఫ్యాక్టరీలోనే కొడతారండీ."

"మరి దేనికొచ్చావు?"

అతను కాసేపు ఆలోచించాడు. అతని ఆలోచన కూడా బండిలాంటిదే, చేరుతుంది గానీ టైము పడుతుంది. "ఏం లేదండీ," అన్నాడు చివరికి. "గోడ ఎత్తుగా ఉందని విన్నాను."

ఆమె అక్షరం పూర్తి చేసింది, దాని పక్క అక్షరం కూడా చేసింది. తోకలూ వంకరలూ ఏమీ రాలేదు. తీరిగ్గా దిగి, కుంచె చెవి వెనక దోపుకుని, "వ్యాను తిప్పి పెట్టు" అంది.

ఎండ వాలేదాకా రాసింది. మమ్మల్నెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, వెనక్కి తిరిగి చూడొద్దని ఆజ్ఞ. వాళ్లమ్మ కుంచె తర్వాత కుంచె అందించింది. ఆవిడ మొహంలో నవ్వు ఆపుకునే తిప్పలు చూసి, బొమ్మ కుదిరిందని నాకు అర్థమైంది.

పిలిచాక అతను వచ్చి చూశాడు. మూడు పాదాలు నీలంలో ఉన్నాయి. కింద బొమ్మ. ఒక ఇల్లు, చూరు, చూరు కింద ఒక మనిషి. తలుపు బార్లా తెరిచి ఉంది. నేల పొడిగా ఉంది. ఆకాశంలో మబ్బు కాదు కదా, మబ్బు జాడ కూడా లేదు.

"వాన ఏదండీ?" అన్నాడు.

"తగ్గింది."

"మరి వీడు..."

"అదే కదా అర్థం. తగ్గాక కూడా ఉన్నాడు." కుంచె డబ్బా అంచుకు రాస్తూ మామూలుగానే చెప్పింది. "పాట రాసినాయన అక్కడిదాకా రాయలేదు. నాకు ఇవాళ తెలిసింది."

నేనిన్నాళ్లూ చదివిన పుస్తకాల్లో ఎవరూ ఆ చూరు కింది మనిషిని వాన వెలిశాక వెళ్లి చూడలేదు. చూసి ఉంటే పాటలకు ఇన్ని వ్యాఖ్యానాలు అవసరమయ్యేవి కావు.

నిదానం మళ్లీ చదువుకున్నాడు. వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు.

"ఏమండీ, చివరి పాదం రాయలేదు."

"అది బండి వెనక రాసే మాట కాదు," అందామె. "ఇటు తిరిగి, నా మొహం చూసి చెప్పు."

వీధి అంతటా పనులు ఆగిపోయాయి. టైలరు రేడియో గొంతు తగ్గించాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి, చేతులు నిచ్చెన కోసం వెతుక్కున్నాయి. అది గోడ దగ్గర ఉండిపోయింది, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆమె కదలకుండా నిలబడింది, చెవికి నీలం రంగుతో. నిదానం గొంతు సవరించుకున్నాడు.

"ఆపైన... మీ ఇష్టం."

"పాటలో 'నీ' అని ఉంది," అంది వాళ్లమ్మ స్టూలు మీంచి.

"ఉండవే అమ్మా," అంది బోర్డక్క. తర్వాత అతని వంక చూసి, "సరే" అంది. ఒక బోర్డు పని ఒప్పుకున్నప్పుడు కూడా ఆమె అదే మాట అంటుంది. కానీ అప్పుడు నవ్వదు.

ఆ వ్యాను ఇప్పటికీ అవతలి రూటులోనే తిరుగుతోంది, ఆ మూడు పాదాలతోనే. పాట తెలిసినవాళ్లు నాలుగోది మరిచిపోయావేమయ్యా అని ఆపి అడుగుతుంటారట. చెప్పేశానండీ అని, గేరు మార్చుకుని, నిదానంగా పోతాడట.